పది గజాల గొలుసు

నా భార్య ఆర్డిస్‌ను మట్టిలో పెట్టిన రోజు ఆమె తమ్ముడు మెర్ల్ రాలేదు. ఆ సమయానికి కాలేజీ ఫుట్‌బాల్ మైదానంలో కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

ఇది ఎవరో మోసుకొచ్చిన మాట కాదు. ఆ వారం మా ఊరి పత్రికలో ఫోటో పడింది. బంతి పట్టుకున్న కుర్రాడొకడు గీత దాటి బోర్లా పడుతున్నాడు. వాడి వెనక నారింజరంగు చొక్కాలో మెర్ల్, చేతిలో కర్ర. ఆ ముక్క కత్తిరించి వంటింటి సొరుగులో పెట్టాను.

ఆర్డిస్‌కు తోడబుట్టినవాడు వాడొక్కడే. తల్లి పోయాక ఆమే వాడికి అన్నం పెట్టి, బడికి పంపి, బూట్ల తాళ్ళు కట్టడం నేర్పింది.

ఇరవై ఆరేళ్ళు వాడూ నేనూ ఒకే గొలుసుకు చెరో కొసన నిలబడ్డాం. మా ఆటలో బంతిని చేత పట్టుకుని పరిగెత్తుతారు. బంతి దక్కిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోలేకపోతే బంతి అవతలివాళ్ళది. ఆ పది గజాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చూపించేది మా గొలుసు. వెనక కర్ర మెర్ల్‌ది, ముందు కర్ర నాది. ఆర్డిస్ పోయాక నేనా పని మానేశాను.

మరుసటి ఆగస్టులో లవాన్ మా కొట్టానికి వచ్చింది. ఆమె బడి బస్సు నడుపుతుంది. ఆట రోజుల్లో ఎన్నో ప్రయత్నమో చూపే అంకెల కర్ర ఆమె చేతిలో ఉంటుంది, మా ముగ్గురికీ పెద్ద ఆమే. నేను కోత యంత్రం కింద పడుకుని ఉన్నాను. ముందు ఆమె బూట్లు కనిపించాయి.

"ఏమయ్యా వెర్లిన్, బతికే ఉన్నావా?"

"ఉన్నాను."

"సెప్టెంబరు రెండో శనివారం ఏం చేస్తున్నావు?"

"మొక్కజొన్న కొయ్యాలి."

"అబద్ధం. నీ చేను అక్టోబరు దాకా కోతకు రాదు. దారిలో చూసుకునే వచ్చాను."

"వేరేవాళ్ళని చూసుకో లవాన్."

"చూశానయ్యా. మంటలార్పే అగ్గిబండి వాళ్ళలోంచి ఒకణ్ణి తెచ్చాను. మనవాళ్ళు ముందుకు పోయినప్పుడల్లా కర్ర వదిలేసి చప్పట్లు కొడతాడు. అట్లాంటివాడు మనకెందుకు?"

ఆ మాట నిజం. గొలుసు పట్టినవాడు చప్పట్లు కొట్టకూడదు. మేం ముగ్గురం ఈ ఊరివాళ్ళమే, కానీ ఆ మూడు గంటలూ మాకు ఊరు లేదు.

"అవతలి కొసన ఎవరు?" అన్నాను.

"తెలిసే అడుగుతున్నావు."

"వాడితో నేను మాట్లాడను."

"మాట్లాడమని అడిగానా? కర్ర పట్టుకోమన్నాను. మధ్యలో పది గజాలుంటాయి. అంతకన్నా దూరం కావాలంటే నా వల్ల కాదు."

ఒప్పుకున్నాను. నన్ను చూసి మెర్ల్ తల దించుకోవాలి, అది నేను చూడాలి. నా కారణం అంతే. అంతకంటే మంచి కారణం ఉందని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ మంచితనం.

మొదటి ఆట రోజు ఎండ మండిపోతోంది. మా జట్టు అంతకు ముందు ఏడాది పది ఆటలూ ఓడింది. కోచ్ టిల్మన్ కొత్తగా వచ్చాడు. అరవడు. పిల్లలు తప్పు చేస్తే దగ్గరకు పిలిచి భుజం మీద చెయ్యి వేసి చెబుతాడు. ఇలాంటివాడు థాంక్స్‌గివింగ్ పండుగ దాకా ఉండడని బల్లల మీద కూర్చున్న ముసలివాళ్ళు తేల్చేశారు.

మెర్ల్ తల దించుకోలేదు. నా వైపు తిరిగాడు, కానీ చూపు నా భుజం పక్కనుంచి ఎటో పోయింది. వెనకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఎంత పొగరు, అనుకున్నాను.

మొదటి పావు ఆట అయ్యేలోపే మొదలైంది.

"లవాన్, ఆ చివర ఉన్న మనిషితో చెప్పు, గొలుసు వదులుగా ఉంది," అన్నాను.

"మెర్ల్, గొలుసు వదులుగా ఉందట."

"తనే ఒకడుగు ముందుకొచ్చి నిలబడ్డాడని ఆ మనిషికి చెప్పు," అన్నాడు మెర్ల్.

"వెర్లిన్, నువ్వే ముందుకొచ్చావట."

"నేను గీత మీదే ఉన్నానని చెప్పు."

లవాన్ అంకెల కర్ర నేలకు గట్టిగా పొడిచింది. "ఇద్దరికీ కలిపి ఒకేసారి చెప్తున్నా, వినండి. రోజూ నలభై మంది పిల్లల్ని బస్సులో మోస్తాను. ముక్కులో వేలు పెట్టుకునే వయసు వాళ్ళది. వాళ్ళు మీకన్నా నయం."

ఆ ఆట నలభై ఒకటికి మూడుతో ఓడాం. ఆ మూడు కూడా గాలి వాటానికి వచ్చినవే.

ఆట అయ్యాక ఆర్డిస్ మా ట్రక్కు వెనక తలుపు దించి పెద్ద గిన్నెలో చిల్లీ అనే మాంసం చిక్కుడుగింజల కూర, పళ్ళెంలో వేడి దాల్చినచెక్క రొట్టెలు పెట్టేది. రొట్టె చిల్లీలో ముంచుకుని తినేవాళ్ళం. ఆ రోజు ముగ్గురం అలవాటుగా ట్రక్కు దగ్గరికే వచ్చి నిలబడ్డాం. తలుపు దించేవాళ్ళు లేరు. కాసేపటికి మెర్ల్ నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వాడి ఇల్లు మైదానానికి మూడు వీధుల అవతలే.

సెప్టెంబరు అంతా అంతే. ఓటమి, మళ్ళీ ఓటమి. కానీ తేడాలు తగ్గుతూ వచ్చాయి. నలభై ఒకటికి మూడు పోయి, ఇరవై నాలుగుకు పది అయింది. తర్వాత ఇరవైకి పద్నాలుగు. నలభై నాలుగో నంబరు చొక్కా వేసుకునే కెండ్రిక్ అనే కుర్రాడు, టెక్సాస్ నుంచి వచ్చినవాడు, బంతి పట్టుకుని పరిగెత్తేటప్పుడు ముందు భయపడేవాడు. ఇప్పుడు ఎదుటివాళ్ళు వాడికి భయపడుతున్నారు. ఒకసారి మేం నిలబడే పక్కగీత దాటి నా కాళ్ళ మీద పడ్డాడు.

"క్షమించండి సార్."

"లేచి పరిగెత్తు," అన్నాను.

"ఎటు సార్?"

"నీ కోచ్‌ని అడుగు. నేను ఎవరి పక్షమూ కాదు."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు, కానీ ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక వంటింట్లో నవ్వొచ్చింది. ఏడాదిలో ఆ ఇంట్లో వినబడ్డ మొదటి నవ్వు అది. నాకే కొత్తగా ఉంది.

మా మైదానంలో జరిగిన మూడో ఆటలో పక్కగీత దగ్గరుండే రిఫరీ లవాన్‌ను పిలిచాడు. "మీ వెనక మనిషి నిద్రపోతున్నాడా? నేను చెయ్యి ఊపినా కదలడే."

"వయసు సార్," అంది లవాన్. "మా ముగ్గురికీ అదే జబ్బు."

నేను గమనించడం మొదలుపెట్టాను. రిఫరీ చెయ్యి ఊపితే మెర్ల్ కదలడు. నా కాళ్ళు కదిలితే, గొలుసు బిగిస్తే అప్పుడు కదులుతాడు. వాడు గొలుసును బట్టి నడుస్తున్నాడు.

అప్పటి నుంచి గొలుసు లాగి చెప్పడం మొదలుపెట్టాను. ఒకసారి లాగితే ఆగు, రెండుసార్లు లాగితే కదులు. ఎందుకు చేశానంటే, గొలుసు సరిగ్గా ఉండాలి కాబట్టి. మూడో లాగుడికే వాడికి అర్థమైంది. రిఫరీ మళ్ళీ ఫిర్యాదు చెయ్యలేదు. లవాన్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది, ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

అక్టోబరు మధ్యలో ఆర్డిస్ పోయి ఏడాది నిండింది. ఆ రోజు పొద్దుటే లవాన్ ఫోను చేసింది.

"గొలుసు క్లిప్‌ స్ప్రింగు పోయింది. నీ కొట్టంలో ఏదైనా చెయ్యగలవా? చేసి మెర్ల్‌కి ఇచ్చెయ్."

"నువ్వే ఇవ్వు."

"నాకు బస్సుంది. నీకు నోరు అక్కర్లేదు, చెయ్యి చాలు."

క్లిప్ చిన్నదే, కానీ దాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. మైదానంలో ప్రతి అయిదు గజాలకూ అడ్డంగా తెల్లగీత ఉంటుంది. గొలుసు పెట్టగానే, అది తెల్లగీతను దాటే చోట వెనక మనిషి క్లిప్ తగిలిస్తాడు. కొలవాల్సి వస్తే గొలుసు మైదానంలోకి తీసుకెళ్ళి ఆ క్లిప్‌ను అదే గీత మీద పెడతారు, మిగతాది తప్పిపోదు. ఒకటే నియమం. గీత నాలుగంగుళాల వెడల్పు ఉంటుంది కాబట్టి క్లిప్ ఎప్పుడూ వెనకంచుకే, అంటే వెనక కర్ర వైపున్న అంచుకే, పెట్టాలి.

కొత్త క్లిప్ చేసుకుని మధ్యాహ్నం వెళ్ళాను. మెర్ల్ ట్రక్కు ఇంటి పక్కన ఉంది. చక్రాల చుట్టూ గడ్డి ఇరుసు దాకా పెరిగి ఎండిపోయింది. అది ఒక్క వేసవి గడ్డి కాదు. పాత గడ్డి మీద కొత్త గడ్డి.

మెర్ల్ వరండాలో కూర్చుని ఉన్నాడు. పది అడుగుల దూరంలో ఆగాను. ఎండ నా మొహం మీదే పడుతోంది.

"ఎవరది?" అన్నాడు. తల కొంచెం పక్కకు తిప్పి, నన్ను కంటి చివర పెట్టుకుని చూశాడు. "లవానా?"

నేను క్లిప్ వరండా కమ్మీ మీద పెట్టి వచ్చేశాను. వెనక నుంచి మళ్ళీ "ఎవరూ?" అన్నాడు. ట్రక్కు ఎక్కి తలుపు వేసుకున్నాను.

దారిలో అంతా అర్థమైంది. ఆర్డిస్‌ను పెట్టింది వాళ్ళ పుట్టింటి చర్చి దగ్గర. ఊరికి పంతొమ్మిది మైళ్ళు. మైదానం మూడు వీధులు. కళ్ళు లేనివాడు దేనికి నడిచి వెళ్ళగలడో పిల్లవాడైనా చెబుతాడు. అర్థమైతే కోపం తగ్గుతుందంటారు. నాది తగ్గలేదు. వాడు నోరు తెరిచి ఒక్కరినైనా తీసుకెళ్ళమని అడగొచ్చు. అడగలేదు. కళ్ళ సంగతి తెలిస్తే లవాన్ కర్ర తీసేసుకుంటుంది, అందుకే.

నేను చెప్పవచ్చు. ఒక్క ఫోను చాలు. చెప్పలేదు. శనివారం వెళ్ళి మళ్ళీ గొలుసు లాగాను.

నవంబరు మధ్యలో ఆఖరి ఆట, మా మైదానంలోనే. అప్పటికి తొమ్మిదీ ఓడాం. గత ఏడాదివి కలుపుకుంటే పంతొమ్మిది. నాలుగేళ్ళు చదివిన పెద్ద కుర్రాళ్ళకు ఇంకో శనివారం లేదు. ఉత్తరపు గాలి బల్లల మీద ఉన్నవాళ్ళ టోపీలు ఎగరగొడుతోంది. అయినా ఊరు ఊరంతా వచ్చింది. ఎందుకొచ్చారో వాళ్ళకీ తెలియదు. ఓటమి చూడటానికి ఇంతమంది రారు.

ఆఖర్లో, ఇంకా మూడు నిమిషాలుండగా, పద్నాలుగుకు పదమూడు. ఒక్క పాయింటు వెనకున్నాం. బంతి అవతలివాళ్ళ గోల్ గీతకు పదమూడు గజాల్లో, మాది. మేం గొలుసు పెట్టాం. మెర్ల్ వంగి క్లిప్ తగిలించాడు.

నేను చూశాను. వాడు ముందంచుకు తగిలించాడు. నాలుగంగుళాల తేడా.

అప్పుడే చెప్పాల్సింది. లవాన్ అంకెల కర్రతో దూరంగా ఉంది, గాలికి వినబడదు. నేరుగా చెప్పాలంటే వాడిని పేరు పెట్టి పిలవాలి. ఏడాది పైగా పిలవని పేరు. ఎలాగూ కొలవాల్సిన అవసరం రాదులే అనుకుని నోరు మూసుకున్నాను. ఆ సీజన్లో మెర్ల్ చేసిన తప్పు కంటి వల్ల జరిగింది. నాది మొండితనం వల్ల జరిగింది.

మూడు ప్రయత్నాలు అయ్యాయి. గాలికి ఎదురు బంతి తన్ని మూడు పాయింట్లు తేవడం మావాళ్ళ వల్ల కాదు, పొద్దుటి నుంచి తన్నినవన్నీ పక్కకే పోయాయి. కోచ్ టిల్మన్ నాలుగో ప్రయత్నం కూడా కెండ్రిక్ చేతికే ఇచ్చాడు. కెండ్రిక్ తల వంచి గుంపులోకి దూరాడు. గుంపు లేచేసరికి బంతి నా కర్రకు ఎదురుగా ఉంది. దాటిందో లేదో ఎవరికీ తెలియదు.

రిఫరీ రెండు చేతులూ చాచి మమ్మల్ని పిలిచాడు. కొలత.

కర్రలు ఎత్తి మైదానంలోకి నడిచాం. బల్లల మీద జనమంతా లేచి నిలబడ్డారు. ఆ క్లిప్‌ను నియమం ప్రకారం వెనకంచున పెడితే గొలుసు మొత్తం నాలుగంగుళాలు వెనక్కి జరుగుతుంది. నా కర్ర బంతికి దగ్గరవుతుంది. బంతి మాదవుతుంది. ఇంకో నాలుగు ప్రయత్నాలు, మూడు గజాల దూరం. గెలిచినట్టే. ఎవరికీ తెలియదు. నాకు తప్ప.

"మెర్ల్," అన్నాను.

వాడు ఆగాడు. గొలుసు బిగిసింది.

"క్లిప్ ముందంచుకు పెట్టావు."

వాడు నా వైపు తల పక్కకు తిప్పాడు. "ఖాయమేనా?"

"చూశాను."

వాడు కర్ర నేలకు ఆనించి, వెలుతురు లేని ఆ కళ్ళతో రిఫరీ గొంతు వచ్చే వైపు తిరిగాడు.

"సార్, ఆగండి. క్లిప్ ముందంచుకు తగిలించాను. నాకు కళ్ళు సరిగా కనబడవు. తప్పు నాది. ముందంచు నుంచి కొలవండి."

రిఫరీ కాసేపు వాడిని చూశాడు. తర్వాత మోకాలి మీద కూర్చుని క్లిప్‌ను ముందంచు మీద పెట్టాడు. నేను గొలుసు బిగించి కర్ర దించాను.

రెండంగుళాలు తక్కువ.

బంతి అవతలివాళ్ళది అయింది. బల్లల మీది నుంచి ఎవరో "ఇంటివాళ్ళే ముంచారురా" అన్నారు. కోచ్ టిల్మన్ మాత్రం టోపీ సర్దుకుని, తన కుర్రాళ్ళను దగ్గరకు పిలిచి ఏదో చెప్పాడు. కెండ్రిక్ మా పక్కనుంచి పోతూ మెర్ల్‌ను చూసి తల ఊపాడు. మెర్ల్‌కు అది కనిపించి ఉండదు.

గొలుసు మోసుకుంటూ పక్కగీతకు వచ్చాం. లవాన్ మొహం పాలిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి మెర్ల్?"

"తర్వాత చెప్తాను లవాన్. ముందు ఆట."

అవతలివాళ్ళకు బంతి దక్కింది వాళ్ళ సొంత గీతకు మూడు గజాల దూరంలో. వాళ్ళ వెనక నిలబడటానికి కూడా చోటు లేదు. మొదటిసారి ఒక గజం వెనక్కి పోయారు. రెండోసారి బంతి పట్టినవాడు తిరిగి పరిగెత్తేలోపే మా కుర్రాళ్ళు నలుగురు వాడి మీద పడ్డారు. వాడు వాళ్ళ సొంత గీత వెనకాలే కూలాడు. అలా పడగొడితే పడగొట్టినవాళ్ళకు రెండు పాయింట్లు, బంతి కూడా మళ్ళీ వాళ్ళకే.

పదిహేనుకు పద్నాలుగు. మిగిలిన కాస్త సమయం మావాళ్ళు బంతిని పొట్టకింద పెట్టుకుని పడుకున్నారు.

జనం మైదానం మీద పడ్డారు. ముసలివాళ్ళు కూడా బల్లలు దిగి పరిగెత్తారు. మేం ముగ్గురం చప్పట్లు కొట్టలేదు. గొలుసు చుట్టి సంచిలో వేశాం.

"ఏమైంది?" అన్నాడు మెర్ల్. "గెలిచామా?"

"గెలిచాం."

"ఎలా?"

"వాళ్ళను వాళ్ళ గీత వెనకే పడగొట్టారు."

వాడు నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. "రెండంగుళాలు ఎక్కువ వచ్చుంటే ఇది అయ్యేది కాదు."

"వేరేలా అయ్యేది," అన్నాను. వాడికి అంత పుణ్యం కట్టబెట్టడం నాకు ఇష్టం లేదు.

లవాన్ తన బస్సులోంచి మూతగిన్నె తెచ్చి నా ట్రక్కు వెనక తలుపు దించింది. చిల్లీ. దాల్చిన రొట్టెలు దుకాణంలో కొన్నవి. ముగ్గురం తిన్నాం.

"ఎలా ఉంది?" అంది.

"ఉప్పెక్కువ," అన్నాను.

"ఆర్డిస్‌ది కాదులే," అన్నాడు మెర్ల్.

"పోండి ఇద్దరూ. ఇంతకాలం మాట్లాడుకోలేదు, ఇప్పుడు నన్ను తిట్టడానికి కలిశారు."

మెర్ల్ నారింజ చొక్కా విప్పి, మడతపెట్టి ఆమె చేతికిచ్చాడు. ఆమె తీసుకుని కళ్ళు తుడుచుకుని గాలిని తిట్టింది. బస్సు ఎక్కి వెళ్ళిపోయింది.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"రెండేళ్ళు. మధ్యలో మచ్చ. అంచులు కనబడతాయి."

"ఆర్డిస్‌కు తెలుసా?"

"లేదు. ఆస్పత్రిలో ఉంది, ఇదొకటా అనుకున్నాను."

"ఆ రోజు నన్నడగొచ్చు."

"శవపెట్టె పక్కన కూర్చున్నవాణ్ణి లేచొచ్చి బండెక్కించుకోమననా?"

"లవాన్‌ని అడగొచ్చు."

వాడు చేతిలో రొట్టె పళ్ళెంలో పెట్టేశాడు. "అడిగితే కర్ర పోయేది."

"అంటే కర్ర ఎంచుకున్నావు."

"అవును. అదే ఎంచుకున్నాను."

సాకు చెప్పలేదు. చెప్పి ఉంటే అక్కడే వదిలేసి వచ్చేవాణ్ణి.

"రేపు ఎనిమిదింటికి బయట నిలబడు," అన్నాను.

మర్నాడు గాలి తగ్గింది. పంతొమ్మిది మైళ్ళూ రేడియో పెట్టుకుని వెళ్ళాం. శ్మశానం గేటు దగ్గర ట్రక్కు ఆపాను.

"ఇక్కడి నుంచి ఎంత?" అన్నాడు.

"నేరుగా రెండు గొలుసులు. అక్కడ ఎడమ చేతికి తగులుతుంది."

వాడు నడిచాడు. నేను వెంట వెళ్ళలేదు. ఇరవై ఆరేళ్ళు పది గజాలు నడిచినవాడి కాళ్ళకు కళ్ళు అక్కర్లేదు. ఆగాడు, ఒక్క అడుగు మళ్ళీ వేశాడు, ఎడమ చెయ్యి చాచాడు. చెయ్యి రాతి మీద పడింది. టోపీ తీశాడు. ఏం చెప్పాడో నాకు వినబడలేదు, నేను వినాలని కూడా అనుకోలేదు.

చాలాసేపటికి తిరిగొచ్చాడు.

"రెండు గొలుసుల మీద ఒకడుగు ఎక్కువుంది," అన్నాడు.

"లేదు. నేనెన్నిసార్లు వచ్చాను ఇక్కడికి."

"ఉంది. నువ్వు ఎప్పుడూ గొలుసు వదులుగానే పడతావు."

గొలుసు సంచి ట్రక్కు వెనకే ఉంది. తీసి కొలిచాం. వాడన్నదే నిజం.

మొదటి మంచు పడినప్పటి నుంచి మెర్ల్ మా ఇంట్లోనే ఉంటున్నాడు, ఆర్డిస్ కుట్టుమిషను గదిలో. ఉదయాలు వాడు కాఫీ పెడతాడు, పలుచగా. ఈ ఏడాది జట్టు అప్పుడే నాలుగు గెలిచింది. ఆట రోజున వాడు పక్కగీత దగ్గర నా ట్రక్కులో కూర్చుని రేడియో వింటాడు. గొలుసు వదులైతే అద్దం దించి నా పేరు పెట్టి అరుస్తాడు. ఎలా తెలుస్తుందో నేనడగలేదు.

ఫోటో వంటింటి సొరుగులోనే ఉంది. వాడు క్షమాపణ అడగలేదు, నేను ఇవ్వలేదు. అడిగినా ఇవ్వను. రాత్రి భోజనానికి మాత్రం రెండు పళ్ళేలు పెడతాను. ఊళ్ళో వాళ్ళు పదే పదే అడుగుతున్నారు కాబట్టి ఇదంతా ఒక్కసారి రాశాను. ఇక దీని గురించి నేను నోరెత్తను.